ఒంట్లో రేడియేషన్ ఎంతుందో ఎలా తెలుస్తుంది? ఫుకుషిమా లెక్క తేల్చింది.. మరి కొవ్వాడలో 'ముందు లెక్క' సంగతేంటి?

అణు విద్యుత్ కేంద్రం అనగానే మన దగ్గర రెండే మాటలు వినిపిస్తాయి. ఒకటి.. "అంతా సేఫ్, భయపడాల్సిన పనేం లేదు". రెండోది.. "ఊరంతా క్యాన్సర్లే వస్తాయి". మొదటిది అధికారుల మాట. రెండోది ఊరి భయం. ఈ రెండింటి మధ్య అసలు ప్రశ్న ఒకటి మిగిలిపోతోంది. ప్లాంట్ పక్కన బతుకుతున్న మనిషి ఒంట్లోకి రేడియోధార్మిక పదార్థం నిజంగా వెళ్లిందా? వెళ్తే ఎంత?

ఈ ప్రశ్నకు సమాధానం ఉంది. కొలిచే మెషీన్లు ఉన్నాయి. జపాన్‌లో వేల మందిని నిలబెట్టి కొలిచారు కూడా. వచ్చిన ఫలితాలు భయపడ్డవాళ్లనూ, ధీమాగా ఉన్నవాళ్లనూ ఇద్దరినీ ఆలోచనలో పడేశాయి.

2047 నాటికి 100 గిగావాట్ల అణు విద్యుత్ సాధించాలని 2025 కేంద్ర బడ్జెట్‌లో లక్ష్యం పెట్టుకున్నారు. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలం కొవ్వాడలో ఆరు రియాక్టర్ల ప్రతిపాదన ఏళ్లుగా ఉంది. అందుకే ఈ లెక్క జపాన్ వాళ్లకే కాదు, మనకూ కావాలి.

బయట తగిలేది వేరు.. లోపలికి వెళ్లేది వేరు

ముందుగా ఒక తేడా తెలుసుకోవాలి. రేడియేషన్ రెండు రకాలుగా మనిషికి చేరుతుంది. ఒకటి బయటి నుంచి తగిలేది. ఎక్స్‌రే తీయించుకున్నట్టు. మెషీన్ ఆపేస్తే అయిపోయింది, అవతలికి జరిగితే ఆగిపోయింది.

రెండోది లోపలికి వెళ్లేది. గాలి, నీళ్లు, పాలు, చేపలు, ఆకుకూరల ద్వారా రేడియోధార్మిక పదార్థమే ఒంట్లోకి చేరుతుంది. ఇక మనిషి ఎక్కడికి వెళ్లినా అది వెంటే ఉంటుంది. శరీరం దాన్ని బయటకు పంపేదాకా, లేదంటే అది తనంతట తాను తగ్గిపోయేదాకా లోపల నుంచే రేడియేషన్ ఇస్తూ ఉంటుంది.

చేతిలో పట్టుకునే గైగర్ మీటర్ పరిసరాల్లో రేడియేషన్ ఎంతుందో చెబుతుంది. ఒంటి లోపలి లెక్క మాత్రం దాంతో సరిగ్గా తేలదు. దానికి వేరే పరీక్ష కావాలి.

ఇక్కడ రెండు కొలతలు గుర్తుపెట్టుకోవాలి. బెకరల్ అంటే సెకనుకు ఒక పరమాణువు విచ్ఛిన్నం కావడం. అంటే పదార్థం ఎంతుందో చెప్పే లెక్క. సీవర్ట్ అంటే దాని వల్ల శరీరానికి ఎంత హాని జరగొచ్చో చెప్పే లెక్క. మన దేశంలో అణు కేంద్రాల వల్ల సాధారణ ప్రజలకు చేరే డోసు ఏడాదికి 1 మిల్లీ సీవర్ట్ దాటకూడదన్నది రూల్.

షాకింగ్‌గా అనిపించినా నిజం.. అందరిలోనూ ఉంది

ఒక మాట చాలామందికి తెలియదు. అణు ప్లాంట్ ముఖం కూడా చూడని మనిషి ఒంట్లోనూ రేడియోధార్మిక పదార్థం ఉంటుంది. మనం తినే అరటిపండు, బంగాళాదుంప, పప్పుల్లో పొటాషియం ఉంటుంది కదా.. అందులో అతి కొద్ది భాగం సహజంగానే రేడియోధార్మికమైనది. దాని పేరు పొటాషియం-40. సగటు బరువున్న పెద్ద మనిషి ఒంట్లో ఇది ఒక్కటే దాదాపు 4,000 బెకరల్స్ ఉంటుంది.

కాబట్టి "నా ఒంట్లో రేడియేషన్ ఉందా?" అని అడిగితే జవాబు ఎప్పుడూ "ఉంది" అనే వస్తుంది. అడగాల్సింది వేరు. రియాక్టర్ నుంచి వచ్చిన పదార్థం నా ఒంట్లో ఉందా, ఉంటే ఎంత?

దీన్ని విడదీసి చూడటం సాధ్యమే. ఒక్కో ఫోన్‌కి ఒక్కో రింగ్‌టోన్ ఉన్నట్టు.. గామా కిరణాలు విడుదల చేసే ఒక్కో పదార్థానికి ఒక్కో ప్రత్యేకమైన శక్తి ఉంటుంది. రియాక్టర్ ప్రమాదాల్లో బయటపడే సీసియం-137 గుర్తు 662 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర కనిపిస్తుంది. సహజంగా ఉండే పొటాషియం-40 గుర్తు 1,461 దగ్గర కనిపిస్తుంది. రెండూ కలిసిపోవు.

రెండు నిమిషాలు నిలబడితే చాలు

ఈ పని చేసే మెషీన్ పేరు హోల్ బాడీ కౌంటర్. చూడ్డానికి మనిషి నిలబడే పెద్ద బీరువాలా ఉంటుంది. బయటి రేడియేషన్ లోపలికి రాకుండా చుట్టూ మందపాటి లోహపు గోడలు. లోపల సోడియం అయొడైడ్ స్ఫటికాలతో చేసిన డిటెక్టర్లు. మనిషి సుమారు రెండు నిమిషాలు కదలకుండా నిలబడాలి. అంతే.

ఈ మెషీన్ మనిషి మీదకు ఎలాంటి రేడియేషన్ పంపదు. ఎక్స్‌రే, సీటీ స్కాన్ లాంటిది కాదు. ఒంట్లో నుంచి బయటకు వచ్చే గామా కిరణాలను లెక్కపెడుతుంది, అంతవరకే. పిల్లలకు, గర్భిణులకు చేసినా ఇబ్బంది లేదు.

ఫుకుషిమాలో వాడిన ఈ మెషీన్లు ఒంట్లో సుమారు 300 బెకరల్స్ సీసియం ఉన్నా పట్టుకోగలవు. అంతకంటే తక్కువ ఉంటే 'కనిపించలేదు' అని రిపోర్ట్ వస్తుంది. 'కనిపించలేదు' అంటే 'సున్నా' అని కాదు, మెషీన్ పట్టుకునే స్థాయి కంటే తక్కువ అని అర్థం. ఇలాంటి రిపోర్టులు చదివేటప్పుడు చాలామంది పొరబడేది ఇక్కడే.

ఫుకుషిమాలో అసలేం తేలింది?

2011 మార్చి 11. జపాన్‌లో 9.0 తీవ్రతతో భూకంపం, ఆ వెంటనే సునామీ. ఫుకుషిమా దాయిచి ప్లాంట్‌లో కూలింగ్ ఆగిపోయి మూడు రియాక్టర్లలో ఇంధనం కరిగిపోయింది. అయోడిన్, సీసియం గాలిలో కలిశాయి. తర్వాత వర్షంతో, మంచుతో నేలకు దిగాయి.

ప్లాంట్‌కు ఉత్తరాన మినామిసోమా అనే ఊరుంది. 2011 సెప్టెంబర్ నుంచి 2012 మార్చి వరకు అక్కడి 9,498 మందికి హోల్ బాడీ కౌంటర్ పరీక్ష చేశారు. వారిలో 3,286 మంది ఒంట్లో సీసియం కనిపించింది. అంటే ప్రతి ముగ్గురిలో ఒకరికి పైగా! వింటే గుండె గుభేలుమంటుంది. కానీ ఆ సీసియం వల్ల వచ్చే డోసు లెక్కగట్టి చూస్తే 1 మిల్లీ సీవర్ట్ దాటింది ఒక్కరికే. అది కూడా 1.07 మాత్రమే.

ఇక రెండో సర్వే ఇంకా పెద్దది. ఫుకుషిమా, ఆ పక్క ప్రాంతాల్లో 32,811 మందిని కొలిచారు. 2012 ఫిబ్రవరి వరకు చేసిన పరీక్షల్లో సుమారు 12 శాతం మందిలో సీసియం కనిపించింది. 2012 మార్చి నుంచి నవంబర్ మధ్య అది 1 శాతానికి పడిపోయింది. మిహారు అనే పట్టణంలో దాదాపు బడి పిల్లలందరినీ పరీక్షిస్తే, 2012 శరదృతువు నాటికి ఒక్కరిలోనూ కనిపించలేదు.

ఇంత తొందరగా ఎలా తగ్గింది? దీనికి రెండు కారణాలు. సీసియం-137 సగం కావడానికి 30 ఏళ్లు పడుతుంది నిజమే. కానీ మనిషి ఒంట్లో అన్నేళ్లు ఉండదు. పెద్దవాళ్ల శరీరం సుమారు మూడు నెలల్లో అందులో సగాన్ని బయటకు పంపేస్తుంది. పిల్లల్లో ఇంకా వేగంగా పోతుంది. అంటే కొత్తగా తినకపోతే చాలు, ఉన్నది తగ్గిపోతుంది.

రెండో కారణం తిండి మీద నిఘా. బియ్యం, పాలు, చేపలు, కూరగాయలు మార్కెట్‌కు వచ్చే ముందే టెస్ట్ చేశారు. 2012 ఏప్రిల్ నుంచి సాధారణ ఆహారంలో సీసియం పరిమితిని కిలోకు 500 నుంచి 100 బెకరల్స్‌కు తగ్గించారు. ఆ తర్వాత కూడా ఎక్కువగా కనిపించినవాళ్లు ఎవరంటే.. టెస్ట్ చేయని అడవి పుట్టగొడుగులు, అడవి పంది మాంసం, పెరట్లో పండించుకున్నవి తిన్న పెద్ద వయసువాళ్లు. ఏం తినడం మానేయాలో వాళ్లకు చెప్పడానికి ఈ పరీక్షే దారి చూపింది.

బట్టల మీది దుమ్ము.. తప్పు లెక్క

మొదట్లో ఒక పొరపాటు కూడా జరిగింది. జనం వేసుకొచ్చిన బట్టలతోనే మెషీన్‌లో నిలబడ్డారు. బట్టల మీద అంటుకున్న సీసియం దుమ్మును మెషీన్ ఒంటి లోపల ఉన్నట్టే లెక్కపెట్టింది. ఆ తర్వాత అందరికీ ఆసుపత్రి గౌను వేయించి కొలవడం మొదలుపెట్టారు. చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ ఒక తల్లికి "మీ బిడ్డ ఒంట్లో సీసియం ఉంది" అని చెప్పాలా వద్దా అన్నది ఆ గౌను మీదే ఆధారపడింది.

పసిపిల్లల కోసం ప్రత్యేక మెషీన్.. ఎందుకంటే?

హోల్ బాడీ కౌంటర్‌లో ఒక చిక్కుంది. అది పెద్దవాళ్ల కోసం చేసింది. ఏడాది పిల్లాడు అందులో నిలబడలేడు. పైగా పిల్లల ఒంట్లోంచి సీసియం తొందరగా పోతుంది కాబట్టి ఉన్నా పట్టుకోవడం కష్టం. సైన్స్ ప్రకారం చూస్తే, అదే ఇంట్లో అదే తిండి తినే తల్లిదండ్రులను పరీక్షిస్తే సరిపోతుంది. వాళ్లలో లేకపోతే పిల్లల్లో ఉండే అవకాశం చాలా తక్కువ.

కానీ తల్లులు ఒప్పుకోలేదు. మా బిడ్డను కొలవండి అన్నారు. దాంతో టోక్యో యూనివర్సిటీ ఫిజిక్స్ ప్రొఫెసర్ ర్యుగో హయానో ముందుకొచ్చారు. పసిపిల్లలు పడుకునేలా, పక్కనే తల్లి ఉండేలా 'బేబీస్కాన్' అనే మెషీన్ తయారైంది. 50 బెకరల్స్ కంటే తక్కువ ఉన్నా పట్టుకునేంత సున్నితంగా దీన్ని చేశారు. 2013 డిసెంబర్‌లో ఫుకుషిమాలోని హిరాటా ఆసుపత్రిలో పెట్టారు.

మొదటి విడతలో 2,700 మందికి పైగా పిల్లలను పరీక్షించారు. ఒక్కరిలోనూ సీసియం కనిపించలేదు. స్థానిక బియ్యం, కూరగాయలు, కుళాయి నీళ్లు మానేసిన ఇళ్ల పిల్లల్లోనూ లేదు. అవన్నీ మామూలుగా వాడిన ఇళ్ల పిల్లల్లోనూ లేదు. ఏళ్ల తరబడి నీళ్ల బాటిళ్లు కొంటూ భయంతో బతికిన కుటుంబాలకు ఆ రిపోర్ట్ కాగితం ఎంత ఊరటో వేరే చెప్పక్కర్లేదు.

కానీ ఒక లెక్క మాత్రం చేజారిపోయింది

ఇక్కడిదాకా బాగానే ఉంది. అసలు సమస్య అయోడిన్-131 దగ్గర వచ్చింది. ఇది గొంతు దగ్గరున్న థైరాయిడ్ గ్రంథిలో చేరుతుంది. ఎనిమిది రోజులకు సగం అయిపోతుంది. అంటే 80 రోజులు గడిచేసరికి వెయ్యింట ఒక వంతు మాత్రమే మిగులుతుంది. కొలవాలంటే మొదటి కొన్ని వారాల్లోనే కొలవాలి. తర్వాత ఎంత మంచి మెషీన్ తెచ్చినా ఏమీ కనిపించదు.

ఫుకుషిమాలో ఆ కీలక రోజుల్లో రోడ్లు తెగిపోయాయి, కరెంట్ లేదు, జనం ఊళ్లు ఖాళీ చేస్తున్నారు. 2011 మార్చి చివరి వారంలో ఇవాకి, కవమాటా, ఇటాటే ప్రాంతాల్లో 1,080 మంది పిల్లల మెడ దగ్గర మీటర్ పెట్టి చూశారు. నిర్ణయించిన పరిమితి ఎవరిలోనూ దాటలేదు. కానీ రాష్ట్రం మొత్తం మీద లక్షల మంది పిల్లలున్న చోట ఆ 1,080 ఏ మూలకు?

చెర్నోబిల్‌తో పోల్చి చూస్తే తేడా తెలుస్తుంది. 1986లో ఆ ప్రమాదం తర్వాత కలుషితమైన గడ్డి ఆవులు తిన్నాయి, ఆ పాలు పిల్లలు తాగారు. ఆ వారాల్లోనే బెలారస్, ఉక్రెయిన్, రష్యాల్లో 3 లక్షలకు పైగా థైరాయిడ్ కొలతలు తీశారు. తర్వాత 2005 నాటికి, ప్రమాదం నాటి పిల్లలు, టీనేజర్లలో 6,000కు పైగా థైరాయిడ్ క్యాన్సర్ కేసులు బయటపడ్డాయి. ఏ బిడ్డకు ఎంత డోసు చేరిందో కొలత ఉంది కాబట్టే డోసు పెరిగే కొద్దీ క్యాన్సర్ పెరిగిందని గట్టిగా చెప్పగలిగారు.

ఫుకుషిమాలో ఆ గట్టి ఆధారం లేదు. తర్వాత సుమారు 3 లక్షల మంది పిల్లలకు, యువతకు థైరాయిడ్ అల్ట్రాసౌండ్ చేస్తే అనుకున్నదానికంటే ఎక్కువ క్యాన్సర్లు దొరికాయి. అంత సున్నితమైన స్కాన్ అందరికీ చేస్తే, జీవితాంతం ఇబ్బంది పెట్టని చిన్న గడ్డలు కూడా బయటపడతాయని.. రేడియేషన్ కారణం కాకపోవచ్చని ఐక్యరాజ్యసమితి శాస్త్రీయ కమిటీ చెబుతోంది. బాధితుల్లో కొందరు దీన్ని ఒప్పుకోవడం లేదు. 2022 జనవరిలో ఆరుగురు యువతీ యువకులు ప్లాంట్ కంపెనీ టెప్కోపై కోర్టుకెక్కారు. ఆ రోజుల్లో వాళ్ల మెడ దగ్గర ఎవరైనా మీటర్ పెట్టి ఉంటే ఈ వాదన ఇంత దూరం వచ్చేది కాదేమో.

మెషీన్‌కు కనిపించనివీ ఉన్నాయి

హోల్ బాడీ కౌంటర్ గామా కిరణాలను మాత్రమే చూస్తుంది. ట్రిటియం, స్ట్రాన్షియం-90 లాంటివి బీటా కణాలు ఇస్తాయి. అవి ఒంటి బయటకు రాలేవు. అందుకే ట్రిటియం తేలాలంటే మూత్ర పరీక్షే మార్గం.

మనకు దీనికి దగ్గరి ఉదాహరణ ఉంది. 2009 నవంబర్‌లో కర్ణాటకలోని కైగా అణు కేంద్రంలో యాభై మంది దాకా సిబ్బంది మూత్ర నమూనాల్లో ట్రిటియం ఎక్కువగా కనిపించింది. ఆరా తీస్తే తాగునీటి కూలర్‌లో ఎవరో కావాలనే ట్రిటియం ఉన్న భారజలం కలిపారని అధికారులు చెప్పారు. ట్రిటియం నీళ్లలాగే ఒంట్లో కలిసిపోతుంది, సుమారు పది రోజులకు సగం బయటకు వెళ్లిపోతుంది.

ఇక్కడ గమనించాల్సిన పాయింట్ ఒకటే. ఆ ఘటన బయటపడింది సిబ్బందికి క్రమం తప్పకుండా మూత్ర పరీక్షలు చేసే పద్ధతి ఉండటం వల్లే. భారజలం వాడే రియాక్టర్లే మన దేశంలో ఎక్కువ. కాబట్టి ఇలాంటి ప్లాంట్ల దగ్గర ట్రిటియం లెక్క లేకుండా 'అంతా చూశాం' అంటే సరిపోదు.

ఇక కడప జిల్లా తుమ్మలపల్లె కథ ఇంకో రకం. అది రియాక్టర్ కాదు, యురేనియం గని, శుద్ధి కర్మాగారం. అక్కడి రైతులు ఏళ్లుగా బోరు నీళ్ల గురించి ఫిర్యాదు చేస్తున్నారు. యురేనియం రసాయనంగా కిడ్నీలను దెబ్బతీస్తుంది. తాగునీటిలో లీటరుకు 30 మైక్రోగ్రాములు దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. అక్కడ అడగాల్సింది నీటి పరీక్ష, మూత్ర పరీక్ష. ఫుకుషిమా మెషీన్ తెచ్చి పెడితే ఉపయోగం తక్కువ.

లెక్క సరిగ్గా ఉంటే చాలదు.. నమ్మకం కూడా ఉండాలి

జపాన్‌లో ఇంకో వివాదం కూడా నడిచింది. దాటె అనే పట్టణంలో ప్రజల మెడలో వేసిన డోసు బ్యాడ్జీల డేటాతో పరిశోధన పత్రాలు వచ్చాయి. అందులో వేల మంది అనుమతి లేకుండానే వాళ్ల డేటా వాడారని తేలింది. లెక్కలో పొరపాటు కూడా బయటపడింది. చివరికి 2020లో ఆ పత్రాలను జర్నల్ వెనక్కి తీసుకుంది.

ఇది చిన్న విషయం కాదు. "మీకేం కాదు" అని చెప్పడానికే కొలిచారన్న అనుమానం ఒక్కసారి వస్తే, ఆ తర్వాత ఎన్ని నిజమైన లెక్కలు చూపించినా జనం నమ్మరు.

జర్మనీలో దీనికి మరోవైపు కనిపిస్తుంది. అక్కడ 16 అణు కేంద్రాల చుట్టూ చేసిన అధ్యయనం 2007లో వచ్చింది. ప్లాంట్‌కు 5 కిలోమీటర్లలోపు ఉన్న ఐదేళ్లలోపు పిల్లల్లో 24 ఏళ్లలో 37 లుకేమియా కేసులు కనిపించాయి. సగటు ప్రకారం 17 ఉండాలి. అయితే ప్లాంట్ల నుంచి వచ్చే రేడియేషన్ ఈ పెరుగుదలకు కారణం అనడానికి చాలా తక్కువ. మరి కారణమేంటి? తేలలేదు. ఎందుకంటే ఆ అధ్యయనం ఇంటికీ ప్లాంట్‌కూ మధ్య దూరాన్ని కొలిచింది, పిల్లల ఒంట్లో డోసును కాదు.

కొవ్వాడకు ఇది ఎందుకు ముఖ్యం?

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. దేశంలో అణు కేంద్రాల దగ్గర భాభా అణు పరిశోధన కేంద్రం పర్యావరణ ల్యాబ్‌లు పనిచేస్తాయి. సుమారు 30 కిలోమీటర్ల పరిధిలో నీళ్లు, పాలు, చేపలు, కూరగాయలు, ఆఖరికి మేక థైరాయిడ్ నమూనాలు కూడా సేకరించి పరీక్షిస్తారు. వాటి నుంచి ప్రజలకు చేరే డోసును లెక్కగడతారు. పద్ధతి మంచిదే. కానీ అది తిండిని బట్టి వేసే లెక్క. ఊళ్లో మనిషిని నిలబెట్టి కొలిచి, అతని చేతిలో రిపోర్ట్ పెట్టడం వేరు.

కొవ్వాడలో ఒక్కోటి 1,208 మెగావాట్ల చొప్పున ఆరు అమెరికన్ రియాక్టర్లు ప్రతిపాదనలో ఉన్నాయి. మొత్తం 7,248 మెగావాట్లు. అది మత్స్యకారుల ప్రాంతం. చేపే తిండి, చేపే బతుకు.

ఆ జిల్లా తీరంలో ఇంకో విశేషం ఉంది. భావనపాడు, కళింగపట్నం వైపు బీచ్ ఇసుకలో థోరియం ఉండే మోనజైట్ ఖనిజం ఉంది. అంటే కొన్నిచోట్ల సహజ రేడియేషన్ మామూలు కంటే ఎక్కువ ఉండే అవకాశం ఉంది. 1950, 60లలో ప్రపంచ దేశాలు చేసిన అణు బాంబు పరీక్షల సీసియం జాడలు కూడా అన్ని దేశాల నేలల్లో ఇంకా ఉన్నాయి.

దీని అర్థం ఏంటి? ప్లాంట్ కట్టాక పదేళ్లకు ఒక మీటర్ ఎక్కువ చూపిస్తే "ప్లాంట్ వల్లే" అని ఊరు అంటుంది. "ఇసుక వల్లే" అని కంపెనీ అంటుంది. ముందు లెక్క లేకపోతే ఎవరి మాట నిజమో తేల్చే దారే ఉండదు. ఆ లెక్కను రియాక్టర్ మొదలవక ముందే తీయగలం. తర్వాత వంద కోట్లు ఖర్చుపెట్టినా వెనక్కి వెళ్లి తీయలేం.

శ్రీకాకుళం వాళ్లకు ఈ బాధ కొత్త కాదు. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఎందుకు వస్తోందో దశాబ్దాలుగా తేలలేదు. నీళ్లన్నారు, ఎండన్నారు, పురుగుమందులన్నారు. పలాసలో కిడ్నీ పరిశోధన ఆసుపత్రి కూడా వచ్చింది. జబ్బు ముదిరాక కారణం వెతకడం ఎంత కష్టమో అక్కడ డయాలసిస్ కోసం క్యూలో కూర్చునే కుటుంబాలను అడిగితే చెబుతాయి.

ఊరు అడగాల్సిన నాలుగు ప్రశ్నలు

ప్రాజెక్టు కావాలా వద్దా అన్నది వేరే చర్చ. కావాలన్నా, వద్దన్నా ఈ నాలుగు ప్రశ్నలకు మాత్రం సమాధానం రావాలి.

ఒకటి.. రియాక్టర్ మొదలవక ముందే చుట్టుపక్కల ఊళ్ల జనంలో కొంతమందికి, వాళ్ల అనుమతితో, హోల్ బాడీ కౌంటర్, మూత్ర పరీక్షలు చేస్తారా?

రెండు.. ఆ రిపోర్ట్ తెలుగులో, అర్థమయ్యేలా, కొలిపించుకున్న మనిషి చేతికే ఇస్తారా?

మూడు.. ప్రమాదం జరిగితే మొదటి వారంలోనే పిల్లల థైరాయిడ్ కొలవడానికి మీటర్లు, శిక్షణ ఉన్న సిబ్బంది జిల్లాలో ఎక్కడ ఉంటారు?

నాలుగు.. ప్లాంట్ నడిపే సంస్థ కాకుండా వేరే ల్యాబ్ ఎవరైనా ఆ లెక్కలను సరిచూస్తారా?

వీటిలో ఏదీ గొంతెమ్మ కోరిక కాదు. రెండు నిమిషాలు నిలబడే మెషీన్, ఒక సీసా మూత్రం, ఒక కాగితం.. ఇంతే. ఫుకుషిమా తల్లులు ప్రమాదం జరిగిన రెండేళ్ల తొమ్మిది నెలలకు బేబీస్కాన్ సాధించుకున్నారు. కొవ్వాడలో ఇంకా ఒక్క రియాక్టర్ కూడా లేవలేదు. అడగడానికి టైమ్ ఉంది.